గంట కొట్టేవాళ్ళు లేని రోజులు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న మిరప వేస్తారు. ఇంటర్ రెండేళ్ళూ విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. ఎంపీసీలో వెయ్యికి 971 వచ్చాయి. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చి, కాకినాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ సీటు దొరికింది. ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను.

మొన్న మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు వచ్చాయి. లెక్కల్లో 30కి 11, సి ప్రోగ్రామింగ్‌లో 9. నా జీవితంలో ఇంత తక్కువ మార్కులు ఎప్పుడూ చూడలేదు. ఇంటర్‌లో రోజుకి పద్నాలుగు గంటలు చదివినదాన్ని, ఇప్పుడు రెండు గంటలు కూర్చోలేకపోతున్నాను. నాలుగున్నరకి క్లాసులు అయిపోతాయి. రూముకి వచ్చి పడుకుంటే ఎనిమిదింటికి మెలకువ వస్తుంది. తినేసి పుస్తకం తీస్తాను, పక్కన ఫోన్ ఉంటుంది. రూమ్మేట్స్ ఒంటిగంట దాకా మాట్లాడుతూనే ఉంటారు. తెల్లవారుజాము నాలుగు నుంచి రాత్రి పదకొండు వరకు టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించాను. రెండు రోజులు నడిచింది అంతే. రూమ్మేట్ హైదరాబాద్ అమ్మాయి, తనకి కోడింగ్ ముందే వచ్చు. నాకు ల్యాప్‌టాప్ కూడా లేదు. అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి ‘బాగా చదువుతున్నావా’ అంటుంది. ‘ఆ’ అని పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తున్నాను. నేను సోమరిదాన్ని అయిపోయానా మేడమ్?

— బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థిని

సమాధానం:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్నాలుగు గంటలు చదివినదాన్ని, రెండు గంటలు కూర్చోలేకపోతున్నాను అన్నావే, ఆ మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకి పాతికేళ్ళకు పైగా లెక్కలు చెప్పిన మనిషిని నేను. ఈ మాట దాదాపు ప్రతి ఏడాదీ, దసరా సెలవులకి కాస్త అటూ ఇటూగా, ఎవరో ఒక పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి నాతో అనేది. అలా వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంటర్‌లో తొమ్మిది వందల యాభై దాటినవాళ్ళే.

ఇంటర్‌లో నీ రోజు ఎలా నడిచేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. అయిదింటికి గంట. లేవకపోతే వార్డెన్ తలుపు కొట్టేది. స్నానానికి ఇన్ని నిమిషాలు, టిఫినుకి ఇన్ని నిమిషాలు. తర్వాత క్లాసు, స్టడీ అవర్, మళ్ళీ క్లాసు, మళ్ళీ స్టడీ అవర్. రాత్రి పదింటిదాకా బెంచీల మధ్య ఒక సారు తిరుగుతూనే ఉండేవారు. ఏ రోజు ఏ చాప్టరో వాళ్ళే చెప్పేవాళ్ళు, చదవాల్సిన మెటీరియల్ అచ్చువేసి చేతికిచ్చేవాళ్ళు, వారం చివర పరీక్ష పెట్టి నువ్వెక్కడున్నావో కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు. ఫోన్ అంటే ఆదివారం క్యూలో నిలబడి ఇంటికి చేసుకునే అయిదు నిమిషాల కాల్. పద్నాలుగు గంటలు కష్టపడింది నువ్వే, అందులో అనుమానం లేదు. ఆ గంటలను నడిపింది మాత్రం ఆ గంట, ఆ వార్డెన్, ఆ సారు. ‘ఇప్పుడు ఏం చదువుదాం’ అనే ప్రశ్న రెండేళ్ళలో ఒక్కసారి కూడా నిన్ను నువ్వు వేసుకునే అవసరం రాలేదు.

ఇప్పుడు ఒక్కసారిగా గంట ఆగిపోయింది. సాయంత్రం నాలుగున్నర నుంచి మర్నాడు తొమ్మిదింటిదాకా నీ చేతిలో పెట్టి, ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు. దాంతోపాటు చేతిలోకి ఫోన్ కూడా వచ్చింది. ఎప్పుడూ సైకిల్ తొక్కని పిల్లని హైవే మీద వదిలినట్టయింది నీ పని. ఈ విద్య నీకెవరూ నేర్పలేదు కాబట్టి రాలేదు. సోమరితనం అనే మాట నీ మీద వేసుకోవద్దు. సోమరిపోతులు బాత్రూంలోకి వెళ్ళి ఏడవరు.

ముందు మార్కుల భయం తీరుద్దాం, అది మెడ మీద ఉంటే మిగతావేవీ చెవికెక్కవు. కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల్లో రెండు మిడ్‌లకీ సమానమైన బరువు లేదు. ఎందులో ఎక్కువ మార్కులు వస్తే దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్కవేస్తారు. లెక్కల్లో నీకు 11 వచ్చాయి. రెండో మిడ్‌లో 24 తెచ్చుకుంటే, 24లో 80 శాతం 19.2, 11లో 20 శాతం 2.2, మొత్తం 21.4. సగటు తీసి ఉంటే పదిహేడున్నర దగ్గరే ఆగిపోయేదానివి. పరీక్ష రాసి మునిగినవాళ్ళకి ఈ లెక్క ఒడ్డుకి చేరే దారి. తర్వాత 70 మార్కుల సెమిస్టర్ పరీక్షలో కనీసం 35 శాతం, అంటే 25 రావాలి. ఇంటర్నల్స్‌తో కలిపి మొత్తం 40 దాటాలి. కాబట్టి ఒక్క మిడ్‌తో నీ సబ్జెక్టు పోలేదు. మీ కాలేజీ అటానమస్ అయితే, అంటే పరీక్షలు సొంతంగా పెట్టుకునేదైతే, లెక్క కొంచెం వేరుగా ఉండొచ్చు, ఎగ్జామినేషన్ సెక్షన్‌కి వెళ్ళి అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకో. సీనియర్లు చెప్పే మాటల మీద ఆధారపడకు. ఆ మాటల్లో సగం వాళ్ళ బ్యాచ్ నాటి నిబంధనలు ఉంటాయి.

ఇక గోడ మీది టైమ్‌టేబుల్ సంగతి. నువ్వు చేసిన పని ఏమిటో తెలుసా? విజయవాడ కాలేజీని తెచ్చి కాకినాడ హాస్టల్ గదిలో కట్టబోయావు. అక్కడ దాన్ని నిలబెట్టడానికి పదిమంది ఉండేవాళ్ళు, ఇక్కడ నువ్వొక్కదానివే. రెండు రోజులు నడిచిందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఆ కాగితం ఈ రాత్రికి పీకేసెయ్. పారెయ్యకు, వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా, దానితో పనుంది.

వచ్చే ఏడు రోజులు ఏం చెయ్యాలో రాయొద్దు. ఏం జరిగిందో రాయి. రాత్రి పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు చాలు. నాలుగున్నర నుంచి ఎనిమిది నిద్ర, ఎనిమిదిన్నర భోజనం, తొమ్మిది నుంచి పదింపావు ఫోన్, పదిన్నర నుంచి పదకొండు రికార్డు, తర్వాత కబుర్లు. ఇలా ఉన్నది ఉన్నట్టు. సిగ్గుపడి ఒక్క గంట కూడా దాచకు, అది ఎవరికీ చూపించే కాగితం కాదు. ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. మా అమ్మ పాల లెక్క క్యాలెండర్ మీద గీతలు పెట్టేది, అదే పద్ధతి. ఎక్కడ ఎంత పోయిందో కళ్ళకి కనపడితే తప్ప చెయ్యి బిగించలేం. డబ్బుకైనా, కాలానికైనా అంతే. నా విద్యార్థుల్లో టైమ్‌టేబుల్ వేసుకుని బాగుపడ్డవాళ్ళు తక్కువ. జరిగింది రాసుకుని బాగుపడ్డవాళ్ళను చాలామందిని చూశాను.

నీ వారం నేనే ఒకసారి లెక్కవేసి చూశాను. ఏడు రోజులకి 168 గంటలు. తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా కాలేజీ, ఆరు రోజులకి 45. రోజుకి ఏడు గంటల నిద్ర, 49. స్నానం, బట్టలు ఉతుక్కోవడం, మెస్‌లో క్యూ, తిండి, రోజుకి మూడు గంటలు వేసినా 21. మొత్తం 115. ఇంకా 53 గంటలు మిగిలాయి. అందులో ఇరవై గంటలు మనసుపెట్టి చదివితే మొదటి సంవత్సరానికి ధారాళంగా సరిపోతుంది. మిగతా 33 గంటలూ నీవి. మాట్లాడుకో, సినిమా చూడు, ఊరికే కూర్చో. పద్నాలుగు గంటలు చదవాల్సిన అవసరమే ఇక్కడ లేదు. ఆ సంఖ్యని నీ మనసులోంచి తీసెయ్. అది నిన్ను భయపెట్టడానికి తప్ప మరెందుకూ పనికిరావడం లేదు.

ఆ ఇరవై ఎక్కడినుంచి వస్తాయంటావా? నీ రోజు తెగిపోతున్నది ఒక్కచోటే, సాయంత్రం నాలుగున్నర దగ్గర. క్లాసు అయ్యాక అలసట నిజమే. కానీ గదికి వెళ్తే మంచం ఉంటుంది, మంచం మీద ఒరిగితే మూడున్నర గంటలు పోతాయి, ఎనిమిదింటికి లేచిన మనిషికి పన్నెండింటికి నిద్ర రాదు, ఒంటిగంట కబుర్లలో నువ్వూ కలుస్తావు, పొద్దున్న మొదటి గంట క్లాసులో తూలుతావు, మళ్ళీ సాయంత్రం అలసట. ఇదొక చక్రం. దీన్ని రాత్రి పూట ఆపలేవు, సాయంత్రం పూటే ఆపాలి. కాబట్టి క్లాసు అవ్వగానే గదికి వెళ్ళకు. క్యాంటీన్లో టీ తాగు, ఆకలేస్తే ఏదైనా తిను, అటునుంచి అటే లైబ్రరీకి వెళ్ళు. అయిదింపావు గంటల వేళ లైబ్రరీలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. హాస్టల్ ఇన్-టైమ్‌కి ముందు గంటో గంటుంబావో దొరుకుతుంది. ఆ గంటలో ఒక్కటే పని: ఈ రోజు క్లాసులో చేసిన లెక్కలు, నోట్సు మూసేసి మళ్ళీ చెయ్యడం.

మూసేసి అన్నాను, గమనించు. నోట్సు చూస్తూ చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, మిడ్‌లో తెల్ల కాగితం చూసినప్పుడు తెలుస్తుంది రాలేదని. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే అర్థం లేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి చూశాడు. మరుపు ఎక్కువ భాగం మొదటి రోజులోనే జరిగిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే సోమవారం చెప్పిన ఐగెన్ విలువల లెక్కలని సోమవారం సాయంత్రం పట్టుకుంటే అరగంట, ఆదివారం పట్టుకుంటే మూడు గంటలు. ఇంటర్‌లో ఈ పని మీ స్టడీ అవర్ నీకు తెలియకుండానే చేయించేసింది. ఆ కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ ఒక్క అలవాటే.

రాత్రి భోజనం తర్వాత ఎనిమిదిన్నర నుంచి పది వరకు రెండో విడత. ఆదివారం పొద్దున్న మూడు గంటలు. లెక్కవేసుకో, ఇరవైకి కొంచెం అటూ ఇటూ అవుతుంది. నాలుగింటికి లేవడాలు, పదకొండు దాకా కూర్చోడాలు ఏవీ అక్కర్లేదు. కానీ ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. మొదటి రెండు వారాలు లైబ్రరీ గంట ఒక్కటే నిలబెట్టు.

సి ప్రోగ్రామింగ్ గురించి వేరుగా చెప్పాలి. నువ్వు దాన్ని కెమిస్ట్రీ చదివినట్టు చదువుతున్నావని నా అనుమానం. ప్రోగ్రాములు బట్టీపట్టి ఉంటావు. పరీక్షలో ఒక అంకె మార్చి ఇచ్చేసరికి చేతులు ఆగిపోయి ఉంటాయి. ల్యాప్‌టాప్ లేదన్నావు, మొదటి ఏడాదికి అది లేకపోయినా గడుస్తుంది. ముందు కాగితం మీద నేర్చుకో. ఒకటి నుంచి అయిదు దాకా కూడే చిన్న లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ముక్క, తీసుకో. రెండు నిలువు గడులు గీయి, ఒకదాని మీద ‘ఐ’, రెండోదాని మీద ‘సమ్’ అని రాయి. లూప్ తిరిగిన ప్రతిసారీ రెండింటి విలువలూ రాసుకుంటూ వెళ్ళు. ఒకటి దగ్గర ఒకటి, రెండు దగ్గర మూడు, మూడు దగ్గర ఆరు, నాలుగు దగ్గర పది, అయిదు దగ్గర పదిహేను. ఇలా ఇరవై లూపులు చేత్తో నడిపించాక చూడు, కోడ్ నీతో మాట్లాడుతుంది. ల్యాబ్‌లో టైప్ చేసేటప్పుడు ఎర్రర్ రాగానే పక్కవాళ్ళది చూసి దిద్దేసుకోకు. ఏడో లైన్లో సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ (ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) చాలాసార్లు ఎనిమిదో లైన్ని వేలెత్తి చూపిస్తుంది. ఇలాంటివి నీ అంతట నువ్వు రెండుసార్లు పట్టుకుంటే మూడోసారి భయం ఉండదు.

ఆ హైదరాబాద్ అమ్మాయిని అడగడానికి మొహమాటపడుతున్నావని ఉత్తరం పొడుగునా తెలుస్తోంది. అడుగు. ఆమెకి కోడింగ్ స్కూల్లోనే చెప్పారు, నీకు చెప్పలేదు, తేడా అంతవరకే. నాకు తెలిసి, అడిగితే చెప్పని రూమ్మేట్లు అరుదు. నీకు లెక్కలు వచ్చు కదా, డిఫరెన్షియేషన్ దగ్గర ఆమెకి నీ అవసరం పడుతుంది చూడు. అలాగే, రాత్రి పదకొండు తర్వాత పెద్ద లైటు ఆర్పేద్దామని అందరూ నవ్వుతూ ఉన్న ఒక సాయంత్రం చెప్పు. కోపంగా ఉన్న రాత్రి చెప్తే అది గొడవ అవుతుంది.

ఫోన్ మానెయ్యమని చెప్పను. క్లాస్ గ్రూపులో ఏ నోటీసు ఎప్పుడు వస్తుందో తెలియదు, అమ్మ ఫోన్ దానికే వస్తుంది. చదివే గంటన్నరసేపు మాత్రం చేతికందని చోట పెట్టు, బీరువాలోనో, పై బెర్త్ మీదో. తలకింద పెట్టుకుని పడుకోకు. అలారం కోసమే అయితే మూడు వందల్లోపు అలారం గడియారం దొరుకుతుంది.

ల్యాబ్ రికార్డు, డ్రాయింగ్ షీట్లు అసలు దొంగలు. ఒక్కొక్కటీ చూస్తే చిన్నవే, మిడ్ ముందు వారంలో అన్నీ కలిసి మీద పడతాయి. నువ్వు మిడ్‌కి ముందు రాత్రులు చదవకుండా రికార్డులు రాసుకుంటూ కూర్చున్నావేమో గుర్తు తెచ్చుకో. ల్యాబ్ ఏ రోజైతే ఆ రాత్రే అబ్జర్వేషన్ పూర్తిచేసి, ఆ వారంలోనే సంతకం పెట్టించుకో. షీట్ క్లాసులోనే ముప్పావు వంతు అవ్వాలి. డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) ఒకరిదొకరు అడుక్కుంటూ కూర్చుంటే అవ్వదు.

ఇంటి మీద బెంగ ఎక్కువైతే ప్రతి శనివారం బస్సెక్కాలనిపిస్తుంది. కాకినాడ నుంచి పల్నాడంటే పోయిరావడానికే దాదాపు ఒక రోజు పోతుంది, సోమవారం మొదటి గంటలు కూడా పోతాయి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తగ్గినందుకు మినహాయింపు, తెచ్చుకోవాలి. 65 కంటే తగ్గితే సెమిస్టర్ పరీక్షే రాయనివ్వరు. నెలకోసారి వెళ్ళు. సంక్రాంతికి హాయిగా వారం ఉండేలా ఇప్పటినుంచి దాచుకో.

ఇంగ్లీషులో చెప్పే పాఠాలు అర్థం కాని చోట, క్లాసయ్యాక వెళ్ళి తెలుగులోనే అడుగు. లెక్చరర్లలో ఎక్కువమంది నీలాగే తెలుగులో ఆలోచించేవాళ్ళే. ఇరవై మంది ముందు నోరు తెరవలేని పిల్లలు కారిడార్‌లో ఎంత మంచి ప్రశ్నలు అడిగేవాళ్ళో నాకు ఇప్పటికీ గుర్తు.

చివరగా అమ్మ విషయం. ఇది నేను ముందే రాయాల్సింది, కానీ మార్కుల భయం దిగాక అయితే నువ్వు నిదానంగా వింటావని ఇక్కడికి తెచ్చాను. అమ్మకి నిజం చెప్పు. రేపు రాత్రే చెప్పు. ‘అమ్మా, మొదటి పరీక్షలో రెండు సబ్జెక్టుల్లో తక్కువ వచ్చాయి. ఇక్కడి పద్ధతి నాకింకా అలవాటు కాలేదు. రెండో పరీక్షకి సరిచేసుకోవచ్చట, ఆ లెక్క కూడా కనుక్కున్నాను. సాయంత్రం లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను.’ ఈ నాలుగు ముక్కలు చాలు. మిరపకి తెగులొస్తే ఆ ఏడాది ఎంత పోయిందో, వచ్చే పంటకి ఏం చెయ్యాలో రాత్రుళ్ళు కూర్చుని మాట్లాడుకున్న ఇల్లు మీది. పదకొండు మార్కుల మాట వినలేనంత బలహీనులు కారు మీవాళ్ళు. ‘ఆ’ అని పెట్టేసిన ప్రతిసారీ నువ్వు ఆ బరువు ఒక్కదానివే మోస్తున్నావు. అమ్మకి గొంతులో తేడా తెలియకుండా ఉంటుందనుకుంటున్నావా? ఏదో దాస్తున్నావని అక్కడ ఆవిడ నీకంటే ఎక్కువ భయపడుతూ ఉంటుంది.

చెప్పాక కూడా ఈ ఏడుపు తగ్గకపోతే, రెండు వారాలైనా నిద్రా తిండీ సరిగా లేకపోతే, లేదా బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారైనా వస్తే, మార్కుల సంగతి పక్కన పెట్టి వెంటనే మనిషితో మాట్లాడు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వాళ్ళతో, లేకపోతే నీకు నచ్చిన మేడమ్‌తో. 14416 అని టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్య సహాయం నంబరు ఉంది. ప్రభుత్వానిదే, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో దాచుకో. నీకు అవసరం పడకపోయినా, మీ ఫ్లోర్‌లో ఇంకో పిల్లకి పడొచ్చు.

రెండో మిడ్ మార్కులు వచ్చాక నాకు మళ్ళీ రాయి. ఎన్ని వచ్చాయన్నది ఒక లైన్లో చాలు. ఆ ఏడు రోజుల కాగితంలో నిన్ను ఆశ్చర్యపరిచిందేమిటో, సి లో ఏ ప్రోగ్రామ్ దగ్గర ఆగిపోయావో మాత్రం వివరంగా రాయి.